చివరిదాకా చూశారా?

కొత్త యంత్రం ఏది బజారులోకి వచ్చినా గుడ్రున్ బాయర్లే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "దీన్ని చేసినవాడికి నా దగ్గరున్న పాతదాని మీద ఏం పగ?" పగే లేకపోతే పాతది మూలపడేలా కొత్తది ఎందుకు చేస్తాడని ఆవిడ వాదం. మైక్రోవేవ్ పొయ్యి ఇంటికి రానివ్వలేదు. ఎవరైనా కెమెరా ఉన్న సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెడితే, మాట మధ్యలోనే చెయ్యి చాపి దాన్ని బోర్లా తిప్పేది. భర్త ఏబర్‌హార్ట్ కారులో దారి చెప్పే పెట్టె ఒకటి బిగించుకున్నాడు. అది మొదటి వారంలోనే అతన్ని ఒక ద్రాక్షతోట నడిమధ్యకు తీసుకెళ్ళి, గమ్యం చేరుకున్నారని చెప్పింది. ఆ కథ గుడ్రున్ ఊళ్ళో చెప్పని ఇల్లు లేదు.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు లెండి. పాము కరిచినవాడు తాడును చూసినా జడుస్తాడు. 1984లో, నెక్కార్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో, మొగుడూ పెళ్ళాం కలిసి సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం తెరిచారు. అప్పట్లో క్యాసెట్లు రకరకాలు. ఒక రకం ఇంకో రకం యంత్రంలో పట్టదు. బొమ్మ అన్నిటికన్నా శుభ్రంగా కనిపించే రకం ఇదీ అని ఏబర్‌హార్ట్ ఒకదాన్ని ఎంచి, గోడ నిండా అవే కొని పేర్చాడు. బొమ్మ శుభ్రంగా కనిపించిన మాట నిజమే. కానీ కొద్దికాలానికే ఆ యంత్రాలు చెయ్యడమే మానేశారు. గోడ గోడంతా చచ్చి ఊరుకుంది. దాన్ని మళ్ళీ నింపడానికి గుడ్రున్ ఏళ్ళ తరబడి తెల్లవారకముందే లేచి బేకరీలో బ్రెట్జెల్ రొట్టెలు మెలితిప్పింది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనకుండా ఉన్నదంతా ఆ తరువాత పుట్టిన యంత్రాలన్నిటినీ అనేసింది.

అయితే నిలబడ్డ రకం క్యాసెట్ల మీద మాత్రం ఆవిడకు గొప్ప ప్రేమ. ఎందుకంటారా? క్యాసెట్ అబద్ధం చెప్పదు. మనిషి సినిమా ఎక్కడ ఆపాడో టేపు అక్కడే ఆగి ఉంటుంది. చూశాక వెనక్కి తిప్పి ఇవ్వాలని ప్రతి పెట్టె మీదా రాసే ఉండేది. కానీ విసుగొచ్చి సగంలో ఆపేసినవాడు ఆ కోపంలో తిప్పడు కదా. సోమవారం పొద్దున్న గుడ్రున్ వెనకగదిలో కూర్చుని, తిరిగొచ్చిన ప్రతి క్యాసెట్టూ యంత్రంలో పెట్టి చూసేది. పాస్టర్ గారు ముద్దు దగ్గర ఆపేశారు. దంతవైద్యుడు పళ్ళు పీకే చోట ఆపేశాడు. బ్యాంకు మేనేజరు పెళ్ళాం ఏడుపు సినిమాను రెండుసార్లు చూసి, మూడోసారి మధ్యలో వదిలేసింది. ఇదంతా ఆవిడ ఎక్కడా రాసుకోలేదు. రాసుకునే అవసరం ఆ బుర్రకు లేదు. ఒకసారి పడితే పడిందే.

తరువాత డిస్కులొచ్చాయి. వెలుతురులో పట్టుకుంటే ఇంద్రధనుస్సు మెరుస్తుంది, లోపల ఏముందో మాత్రం చెప్పదు. "దొంగమొహంది" అనేది గుడ్రున్. "ఎంతవరకు చూశాడో చెప్పదు, చూశాడో లేదో చెప్పదు. గీత పడితే మాత్రం నా ప్రాణానికి ఏడుస్తుంది." డిస్కు చెప్పనిది మనిషినే అడగడం అప్పట్నించే మొదలుపెట్టింది. వెనక్కి తెచ్చి ఇచ్చిన ప్రతివాడినీ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, అందరూ వింటుండగానే అడిగేది: "చివరిదాకా చూశారా? ముగింపు ఎలా ఉంది?"

అడిగి ఊరుకుంటే బాగానే ఉండేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇది వద్దండీ మీకు. పోయిన చలికాలం ఇలాంటిదే తీసుకెళ్ళి మీ ఆవిడ నిద్రపోయిందన్నారు."

"ఏవయ్యా, మళ్ళీ ఇదేనా? ఆ హీరోయిన్ మీద మనసు పడ్డావేమిటి?"

"మీ అబ్బాయి పదోసారి తీసుకెళ్తున్నాడు తుపాకుల సినిమా. వాడికి చదువు గిదువు ఏమన్నా ఉందా?"

జనం నవ్వేవారు. గుడ్రున్ కూడా నవ్వేది. ఇదంతా చనువని, ఊరికి తనమీద ఉన్న ప్రేమని ఆవిడ గట్టి నమ్మకం. ఊళ్ళో ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గర్వం కూడా. అది నిజమే. కాదని ఎవరంటారు?

2007 వసంతంలో, దుకాణానికి సరిగ్గా ఎదురుగా, మూతపడ్డ మాంసం కొట్టులోకి ఒక యంత్రం దిగింది. గోడకు బిగించిన పెద్ద ఇనప బీరువాలాంటిది. మనిషి లేడు. ముందే పేరు నమోదు చేసుకున్నవాడు కార్డు పెట్టి, చిన్న అద్దం మీద బొటనవేలు నొక్కితే, కడుపులోంచి డిస్కు బయటికి కక్కుతుంది. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. దాని యజమాని ఎక్కడో స్టుట్‌గార్ట్‌లో ఉంటాడట. మొహం చూసినవాడు లేడు.

"బొటనవేలట!" గుడ్రున్ నడివీధిలో నిలబడి గుండెలు బాదుకున్నంత పని చేసింది. "పోలీసు స్టేషన్లో దొంగల చేత వేయిస్తారు వేలిముద్ర. సినిమా చూడ్డానికి వేలిముద్ర ఏమిటి? ఆ ముద్ర ఎక్కడికి పోతుందో మీలో ఎవడికన్నా తెలుసా? ఇవాళ వేలు, రేపు కన్ను, ఎల్లుండి మీరు ఏ రాత్రి ఏం చూశారో స్టుట్‌గార్ట్‌లో ఎవడో కూర్చుని చదువుకుంటాడు!"

"నువ్విక్కడ కూర్చుని చదువుకోవడంలా?" అన్నాడు ఏబర్‌హార్ట్, పేపరులోంచి తల ఎత్తకుండా.

"నేనూ అదీ ఒకటేనా? నేను మనిషిని!"

వారం వారం దుకాణం పలచబడింది. శనివారం సాయంత్రం గుమ్మం దాకా ఉండే వరస ఇప్పుడు బల్ల దగ్గరికే సరిపోతోంది. అన్నిటికన్నా ఆవిడను కాల్చింది ఆదివారం. ఆ రాష్ట్ర చట్టంలో ఆదివారం ఆదివారమే. సుత్తి పట్టకూడదు, గడ్డి కొయ్యకూడదు, దుకాణం తియ్యకూడదు. సినిమాలు అద్దెకిచ్చే కొట్టు అసలే తియ్యకూడదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క ఆదివారం తాళం తీసి ఎరగదు. మరి ఆ బీరువా? ఆదివారం ఊరంతా ఇళ్ళల్లో పడి బోరుకొట్టి చస్తున్నప్పుడు అది హాయిగా డిస్కులు కక్కుతోంది. దానికొచ్చే బేరంలో సగం ఆ ఒక్కరోజుదే. ఆ ఆదివారం ఒక్కటి ఆపితే చాలు, స్టుట్‌గార్ట్ వాడు బీరువా విప్పుకుని పోతాడు. ఆపకపోతే చలికాలంలోపు తన దుకాణానికి తాళం. ఇంత తేలిక లెక్క.

గుడ్రున్ మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ జెల్లర్ గారని, ఒక నెమ్మదైన ఆవిడ.

"ఆదివారాలు డిస్కులు వెనక్కి తీసుకోవడం తప్ప అద్దెకివ్వడం లేదని యజమాని రాసిచ్చారండీ," అంది జెల్లర్.

"పచ్చి అబద్ధం! నేను కళ్ళారా చూశాను."

"మీరు ఎదుటి దుకాణం వాళ్ళు. మీరు చూశానంటే వాళ్ళ వకీలు నవ్వుతాడు. ఆదివారం అక్కడ డిస్కు తీసుకున్నవాళ్ళలో ఒక్కరి, ఒక్కరంటే ఒక్కరి పేరు చెప్పండి. మేమే పిలిపించి మాట్లాడతాం. వాళ్ళకేం శిక్ష ఉండదు. ఆ ఒక్క మాట దొరికితే వచ్చే ఆదివారానికల్లా యంత్రానికి సీలు వేస్తాను."

"ఒక్క పేరేగా? వచ్చే బుధవారం తెస్తాను," అంది గుడ్రున్. ఊళ్ళో ఆవిడకు తెలియని మొహం ఏది?

ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే, దుకాణం పైనున్న తమ ఇంటి కిటికీ గట్టు మీద దిండు వేసి, మోచేతులు ఆనించి కూర్చుంది. ఆ వీధిలో అలా కూర్చోవడం కొత్త కాదు, తప్పూ కాదు. మొదట వచ్చినవాళ్ళు ఎవరో రహదారి మీద పోతూ కారు ఆపినవాళ్ళు. తరువాత హెల్మెట్ తియ్యకుండానే డిస్కు తీసుకుపోయినవాడొకడు. గుడ్రున్ పళ్ళు నూరుకుంది. అప్పుడు చర్చి వైపు సందులోంచి ఒక పెద్దాయన వచ్చాడు. బూడిదరంగు కోటు, కుడికాలు కాస్త ఈడ్పు. రైన్‌హోల్డ్ రూఫ్.

గుడ్రున్ దిండు మీంచి మోచేతులు ఎత్తింది. దుకాణం తెరిచిన ఏటి నుంచీ రూఫ్ దంపతులు శనివారం శనివారం వచ్చేవారు. ఫ్యాక్టరీలో లేతు యంత్రం మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య ట్రౌడె జనవరిలో పోయింది. గుడ్రున్ స్వయంగా ఆపిల్ కేకు చేసి తీసుకెళ్ళింది. ఆ తరువాత ఆయన ఒక్కసారి వచ్చి, దగ్గరున్న డిస్కు వెనక్కిచ్చి, ఇక రాలేదు. దుఃఖంలో ఉన్నాడు, సినిమాలు ఎక్కడ చూస్తాడులే అనుకుంది. ఆ దుఃఖం ఇదన్నమాట!

రూఫ్ అటూ ఇటూ చూశాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు కోటు సర్దుకున్నాడు. బొటనవేలు నొక్కాడు. డిస్కు తీసి లోపలిజేబులో పెట్టుకున్నాడు.

"ఏబర్‌హార్ట్! చూడు, చూడు! రూఫ్! ఆ ముసలాయన! పెళ్ళాం పోయి నాలుగు నెలలు కాలేదు, జేబులో దాచుకుంటున్నాడంటే ఏం సినిమా అనుకుంటున్నావ్?"

తమ దుకాణం వెనకగదిలో పూసల తెర వెనకాల ఉండే పెద్దవాళ్ళ సినిమాల్లాంటిదే అని ఆవిడ ఉద్దేశం. ఏబర్‌హార్ట్ ఏదో అనేలోపే ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మెట్లు దిగి, వాన తడి ఆరని వీధి దాటేసింది. ఆదివారం పూట, ఆ చెప్పులతో, ఆ వీధిలో!

"రూఫ్ గారూ! ఆగండాగండి. ఏం దొరికింది వేట?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. మొహం ఎర్రబడింది. "బాయర్లే గారా... ఆదివారం శుభమస్తు."

"శుభానికేం, మీకు బాగానే ఉన్నట్టుంది. ఇన్నేళ్ళుగా నా దుకాణానికొచ్చే మనిషి, ఇవాళ ఇనప బీరువాకి వేలు ఇచ్చుకుంటున్నాడు. నా దగ్గర లేని సినిమా ఏముందండీ దాని దగ్గర? సిగ్గుపడే సినిమా అయితే నా దగ్గరా ఉన్నాయి, తెర వెనకాల. చెప్పండి, నేనేమన్నా చిన్నపిల్లనా?"

రూఫ్ జేబులోంచి పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఓడ మీద వంటవాడి కథ. ఇంటిల్లిపాదీ చూసే సినిమా. తన దుకాణంలోనూ ఉంది, కిటికీ పక్క అలమరలో. జనవరిలో ఆ దంపతులిద్దరూ చివరిసారి తీసుకెళ్ళింది ఇదే.

"ఇది... మీరు చూసిందేగా," అంది గుడ్రున్, అలవాటుగా.

"అదిగో. మీరు అదే అంటారని తెలుసు." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆవిడను భయపెట్టింది. "ఆదివారం భోజనమయ్యాక పెట్టుకున్నాం ఇద్దరం. తుఫాను తగ్గి తీరం కనిపిస్తుంది చూడండి, అక్కడికొచ్చేసరికి ట్రౌడె 'అలసటగా ఉంది, మిగతాది రేపు చూద్దాం' అంది. ఆపేశాను. తెల్లారేసరికి ఆస్పత్రి. తరవాత మీకు తెలుసు."

గుడ్రున్ తల ఊపింది.

"ప్రతి ఆదివారం తీసుకెళ్తాను. అదే వేళకి పెడతాను. తీరం కనిపించేదాకా చూస్తాను. అక్కడ ఆపేస్తాను. అంతవరకూ ఆవిడ పక్కనే ఉన్నట్టుంటుంది. ఆ తరవాతది ఆవిడ చూడలేదు, నాకూ వద్దు."

"మరి... కొనుక్కుని ఇంట్లో పెట్టుకోకూడదూ?"

"ఇంట్లో ఉంటే ఏదో ఒక పూట మనసు ఆగక చివరిదాకా చూసేస్తాను. అయిపోతుంది. ఇదైతే సాయంత్రానికి ఇచ్చెయ్యాలి."

"నా దగ్గర తీసుకుంటే ఏమొచ్చిందండీ, నేను..."

"బాయర్లే గారూ, ఫిబ్రవరిలో ఇది వెనక్కివ్వడానికి వచ్చాను మీ దగ్గరికి. కొట్లో ముగ్గురు నలుగురున్నారు. మీరు కళ్ళద్దాల మీంచి చూసి అడిగారు, 'ఇద్దరూ చివరిదాకా చూశారా? ముగింపు ఎలా ఉంది?' అని." ఆయన పెట్టె మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "యంత్రానికి నా వేలొక్కటే కావాలి. అది ఏమీ అడగదండీ."

ఇరవై మూడేళ్ళుగా ఎవరు ఏ సినిమా ఎక్కడ ఆపారో గుర్తున్న మనిషికి, ఆ ఫిబ్రవరి రోజున తను ఆ మాట అడిగినట్టు గుర్తే లేదు. ఎంత తడుముకున్నా తగల్లేదు. అందరినీ అడిగినట్టే అడిగి ఉంటుంది. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. వంటవాడు బతుకుతాడు, ఇల్లు చేరతాడు అని ముగింపు చెప్పేసి ఆయన్ని ఓదార్చాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఆపుకుంది. ఆవిడ అలా ఆపుకోవడం బహుశా అదే మొదలు.

"చల్లగా ఉంది, మీ చెప్పులు తడుస్తున్నాయి, లోపలికెళ్ళండి," అని రూఫ్ కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

బుధవారం దాకా ఆవిడకు అన్నం సయించలేదు. ఆలోచించింది, ఎందుకు దాచాలి, బాగా ఆలోచించింది. ఆ వంకనే ఊళ్ళోవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. పాస్టర్ గారు రావడం మానేసి ఎన్నాళ్ళయింది? దంతవైద్యుడు? బ్యాంకు మేనేజరు పెళ్ళాం? వాళ్ళంతా నవ్వినప్పుడు నిజంగా నవ్వేరా? అనుమానించడానికి లోకంలో అన్ని యంత్రాలుండగా, తన నోటిని తను ఒక్కసారీ అనుమానించలేదు. అయినా దుకాణం దుకాణమే. అందులో ఆవిడ యవ్వనం ఉంది, బేకరీ పొయ్యి దగ్గర కాలిన చేతులున్నాయి. ఒక్క పేరు. ఆయనకేం శిక్ష కూడా లేదు. జెల్లర్ పిలిచి కూర్చోబెట్టి, నాలుగు ముక్కలు అడుగుతుంది, అంతేగా. ఆదివారం ఏం తీసుకున్నారు? ఎందుకు తీసుకున్నారు? ఎవరితో చూశారు?

ఆఫీసులో జెల్లర్ కలం మూత తీసి కూర్చుంది. "చెప్పండి బాయర్లే గారూ. దొరికారా?"

"లేదండీ."

"ఆదివారం ఎవరూ రాలేదా?"

"వచ్చారు. రహదారి మీద పోయేవాళ్ళు. ఒకడు హెల్మెట్‌తో. ఎవరో ఏమిటో."

జెల్లర్ ఆశ్చర్యపోయింది. "ఊళ్ళోవాళ్ళు ఒక్కరు కూడా లేరా? మొన్న మీరే అన్నారు, మీకు తెలియని మొహం లేదని. చూడండి, నేనూ మీ దుకాణానికొచ్చినదాన్నే. మీకు సాయం చెయ్యాలనే ఉంది. ఇవాళ పేరు లేకపోతే ఈ ఫిర్యాదు మూసెయ్యాలి. మళ్ళీ తెరవను."

గుడ్రున్ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని పిడి రెండు చేతులా పట్టుకుంది. బయట ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. పేరు గొంతులోనే ఉంది.

"మూసెయ్యండి," అంది.

ఇంటికొచ్చేసరికి ఏబర్‌హార్ట్ పొటాటో సలాడ్‌కి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ తిరిగాడు. "ఏమయింది? సీలెప్పుడు వేస్తారు?"

"వెయ్యరు."

"అదేంటి? రూఫ్ పేరు చెప్పలేదూ?"

"లేదు."

"ఓసి నీ... నీకేమన్నా మతి పోయిందా! కళ్ళారా చూశావు, పరిగెత్తుకెళ్ళి మాట్లాడొచ్చావు. దుకాణం పోతుందే! ఇంతకీ ఏం సినిమా తీసుకున్నాడాయన? ఏం చెప్పాడు నీకు?"

పెళ్ళయిన నాటి నుంచి బయట విన్న ప్రతి ముక్కా, చూసిన ప్రతి ముక్కా, కోటు విప్పకముందే ఆ మొగుడికి చెప్పిన మనిషి గుడ్రున్. ఇప్పుడూ నోరు తెరిచింది. ఏబర్‌హార్ట్ కత్తి పక్కన పెట్టి వినడానికి సిద్ధమయ్యాడు.

"ఉల్లిపాయలు ఇంకాస్త సన్నగా తరుగు," అంది.

అక్టోబరులో దుకాణం మూసేశారు. ఆ రోజు రూఫ్ ఏం చెప్పాడని ఏబర్‌హార్ట్ ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతుంటాడు.